తోలు బంతి, చదువుకున్న కాళ్లు

1891లో శ్రీనగర్‌లోని ఒక మిషన్ స్కూలు పిల్లలు ఫుట్‌బాల్ ఆడం అంటే ఆడం అని భీష్మించుకు కూర్చున్నారు. ఆ స్కూలు బాధ్యత తీసుకున్న టిండేల్ బిస్కో అనే తెల్లదొర కేంబ్రిడ్జిలో చదివినవాడు, పడవ పందేల మనిషి. పెళ్లి చేసుకుని బొంబాయి నుంచి తిరిగి వస్తూ ఒక బంతి తెచ్చాడు. పిల్లల్లో ఎక్కువమంది కాశ్మీరీ పండిట్లు, అంటే బ్రాహ్మలు. ఇదేంటని అడిగారు. ఆడే బంతి అన్నాడు దొర. ఆడితే డబ్బులొస్తాయా అన్నారు. రావన్నాడు. అయితే ఆడం అన్నారు. ఇంతకీ దేనితో చేశారు అని అడిగితే తోలుతో అని చెప్పాడు. అంతే. అది అంటు, అవతలికి తీసెయ్యండి అన్నారు.

దొర ఊరుకోలేదు. సాయంత్రం పిల్లలందరినీ మైదానానికి తోలించాడు. చుట్టూ కర్రలు పట్టుకున్న పంతుళ్లను నిలబెట్టాడు. పిల్లలు కదల్లేదు. కర్రలు లేచేసరికి కదిలారు. పొడుగాటి ఫెరన్‌లు, కాళ్లకు చెక్క పావుకోళ్లు, ఎవరు ఎవర్ని తన్నుతున్నారో తెలియని గందరగోళం. అంతలో బంతి ఎగిరి ఒక కుర్రాడి ముఖానికి తగిలింది. ఆట ఆగిపోయింది. తోలు ముఖానికి తగిలింది, ఇంటికెలా పోయేది అని వాడు ఏడుపు లంకించుకున్నాడు. పక్కనే కాలవ ఉంది కదా, తీసుకెళ్లి కడగండి అన్నాడు దొర. కడుక్కుని వచ్చారు. ఆట మళ్లీ మొదలైంది. ఈ కథంతా బిస్కో తన పుస్తకాల్లో తనే మురిసిపోతూ రాసుకున్నాడు. కొన్నేళ్లకు ఆ పిల్లలు ఫుట్‌బాల్ ఇష్టంగా ఆడారు, వాళ్ల తర్వాతి తరం పిల్లలు ఇంకా ఇష్టంగా ఆడారు.

కుల వ్యవస్థ మీద పాశ్చాత్య విద్య సాధించిన విజయం అని ఈ కథను చాలామంది ఎత్తి చూపుతారు. బ్రాహ్మణ పిల్లవాడి కాలు తోలును తాకింది కాబట్టి కులం కాస్త సడలింది అనేది వాళ్ల లెక్క. మొదటిసారి చదివినప్పుడు నాక్కూడా నవ్వొచ్చింది, సంతోషమూ కలిగింది. రెండోసారి చదివాక మాత్రం, ఇందులో తోలు ఉంది గానీ తోలు పని చేసే మనిషేడీ అని వెతకడం మొదలుపెట్టాను. ఆ లోయలోనే వాతల్ అనే జనం ఉన్నారు. తోలు ఊనటం, చాటలు అల్లటం, పాకీ పని వాళ్ల బతుకు. ముస్లింలే అయినా చచ్చిన పశువుల మాంసం తినే వాతల్‌లను మసీదులోకి రానిచ్చేవారు కాదని 1895లో వాల్టర్ లారెన్స్ అనే ఇంగ్లీషు అధికారి కాశ్మీర్ లోయ మీద రాసిన పుస్తకంలో నమోదు చేశాడు. బిస్కో చెప్పిన బంతి కథలో ఆ వాతల్ పిల్లవాడు లేడు. బంతి స్కూల్లోకి వచ్చింది, ఆ తోలును ఊనే చేతులు రాలేదు. తోలు మనిషిని ముట్టుకోకుండానే తోలును ముట్టుకోవటం ఎలాగో అగ్రవర్ణ విద్యార్థులు నేర్చుకున్న పాఠం కాలేజీ ఫుట్‌బాల్ అని నేను అనుకుంటున్నాను. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పటానికే ఈ వ్యాసం.

బంతి బదులు మనిషే లోపలికి వస్తే ఏం జరిగేదో మన తెలుగు నేల మీదే చూడొచ్చు. జాన్ క్లో అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన స్కూలుకు మొదట్లో బ్రాహ్మణ, ఇతర అగ్రవర్ణ పిల్లలు వచ్చారు. ఇంగ్లీషు చదువు కావాలి కదా. యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగలు క్రైస్తవంలోకి రావడం మొదలయ్యేసరికి పెద్దమనుషులు క్లో దగ్గరకు వచ్చి, వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని మానిపిస్తాం అన్నారు. క్లో దంపతులు మాదిగల పక్షాన నిలబడ్డారు. అగ్రవర్ణాల పిల్లలు స్కూలు ఖాళీ చేసి వెళ్లిపోయారు. 1878 జూలై 3న ఒక్క రోజులో గుండ్లకమ్మలో 2,222 మంది బాప్టిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. శ్రీనగర్‌లో తోలు బంతి వస్తే ఏడ్చి, ముఖం కడుక్కుని, ఆడారు. ఒంగోలులో తోలు పని చేసేవాళ్లు వస్తే వెళ్లిపోయారు. బంతి మైలకు కాలవ నీళ్లు సరిపోయాయి, మనిషి మైలకు సరిపోలేదు.

ప్రభుత్వ స్కూళ్లు దీనికి మినహాయింపని ఎవరన్నా అనుకుంటే 1856 ధార్వాడ్ సంగతి గుర్తు చెయ్యాలి. ఒక మహర్ కుర్రాడు సర్కారు స్కూల్లో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. ఒక్కడి కోసం చూస్తే మిగతావాళ్లందరూ మానేస్తారు, స్కూలు నిరుపయోగమవుతుందని బొంబాయి ప్రభుత్వం కాదంది. మనువు రాసిందాన్ని కంపెనీవాళ్లు కూడికలు తీసివేతలుగా మార్చి చెప్పారు, అంతే తేడా.

అసలు తెల్లవాడికి చదువులో బంతి ఎందుకు కావాల్సొచ్చింది? ఇంగ్లండులో పబ్లిక్ స్కూళ్లలో ఆటే సగం చదువు. జట్టుగా ఉండటం, కెప్టెన్ మాట వినటం, దెబ్బ తగిలినా ఏడవకపోవటం, వీటిని వాళ్లు శీలం అన్నారు. రేపు కాలనీల్లో అధికారం చెలాయించబోయే పిల్లలకు ఆ శీలం కావాలి. ఆ పాఠాన్నే ఇక్కడికీ తెచ్చారు. బెంగాలీ బాబు పిరికివాడు, ఒళ్లు లేనివాడు, పుస్తకాల పురుగు అని ముద్ర వేసిందీ వాళ్లే, దానికి మందుగా ఆటను చూపించిందీ వాళ్లే. ఈ ముద్ర ఎవరికి తగిలిందో గమనించాలి. పొలంలో నాగలి పట్టేవాడికి, రాళ్లు కొట్టేవాడికి, గొడ్డు తోలు ఒలిచేవాడికి ఒళ్లు లేదని ఏ తెల్లవాడూ అనలేదు. శరీర శ్రమ నీచమని వేల ఏళ్లు చెప్పుకున్న కులాలకే ఇప్పుడు శరీరం కావాల్సొచ్చింది. అయితే శ్రమ లేని శరీరం కావాలి. ఆ అవసరాన్ని ఆట తీర్చింది. 1897లో వివేకానందుడు మద్రాసులో ఉపన్యాసం ఇస్తూ, గీత చదవటం కంటే ఫుట్‌బాల్ ఆడితే స్వర్గానికి దగ్గరవుతారని యువకులకు చెప్పాడు. ఎంతో విప్లవాత్మకమైన మాటగా దీన్ని చెప్పుకుంటారు. పేటలో పొద్దుగుంకే దాకా కూలి చేసే కుర్రాడికి ఈ ఉపన్యాసం అక్కర్లేదు కదా!

కలకత్తా కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నగేంద్రప్రసాద్ సర్బాధికారి అనే పిల్లవాడు 1877లో, ఎనిమిదేళ్ల వయసులో, తల్లితో గంగాస్నానానికి వెళ్తూ తెల్ల సిపాయిల ఆట చూశాడట. తన దగ్గరకు దొర్లుకుంటూ వచ్చిన బంతిని తిరిగి తన్నాడట. తర్వాత తను చదివే హేర్ స్కూలు పిల్లల దగ్గర చందాలు వేసి బంతి కొంటే అది రగ్బీ బంతి. పక్కనే ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ స్టాక్ అది చూసి అసలు బంతి ఇప్పించి ఆట నేర్పాడు. అలా స్కూలు నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి క్లబ్బులకు ఫుట్‌బాల్ పాకింది. మన చరిత్రకారులు ఈ కథను ముద్దుగా చెప్పి ఇక్కడే ఆపేస్తారు. నాకు ముఖ్యమైంది దీని తర్వాతిది. నగేంద్రప్రసాద్ పెట్టిన వెల్లింగ్టన్ క్లబ్బులోకి మోనీ దాస్ అనే కుమ్మరి కొడుకును చేర్చుకోబోతే మిగతా భద్రలోక సభ్యులు ఒప్పుకోలేదు. నగేంద్రప్రసాద్ ఆ క్లబ్బునే రద్దు చేసి, 1887లో శోభాబజార్ క్లబ్బు పెట్టి మోనీ దాస్‌ను తీసుకున్నాడు. ఆయన ఆ పని చేసినందుకు గౌరవించాల్సిందే. కులం కోసం క్లబ్బును వదులుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు గానీ కులానికి ఎదురు తిరిగి క్లబ్బును వదులుకున్నవాళ్లు మన దేశంలో ఎంతమంది? కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బెంగాల్లో కుమ్మరి అంటరానివాడు కాడు. అతని చేతి నీళ్లు బ్రాహ్మలు తాగుతారు. నీళ్లు పుచ్చుకునే కులంవాడు మైదానంలోకి రావడానికే ఒక క్లబ్బు కూలిపోవాల్సి వచ్చింది. మరి ముచి, చమార్ ఏ క్లబ్బు తలుపు తట్టాలి? తట్టే దాకా అయినా రాగలిగారా?

1911 జూలై 29న మోహన్ బాగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచింది. ఆ విజయం దేశాన్ని ఊపేసింది, అందులో సందేహం లేదు. పదకొండు మందిలో పదిమంది వట్టి కాళ్లతో ఆడారు. బూట్లు వేసుకున్న ఒక్కడూ సుధీర్ ఛటర్జీ, భవానీపూర్ మిషన్ కాలేజీలో పాఠాలు చెప్పే క్రైస్తవుడు. గెలుపు గోలు కొట్టిన అభిలాష్ ఘోష్ స్కాటిష్ చర్చెస్ కాలేజీ విద్యార్థి. జట్టు పేర్లు చదివితే భాదురీలు, ముఖర్జీలు, భట్టాచార్య, సేన్‌గుప్తా కనిపిస్తారు. చదువుకున్న కాళ్లు అవి. తెల్లవాడి బూట్లను నల్లవాడి వట్టి కాళ్లు ఓడించాయని జాతీయవాదులు ఆ కాళ్లకు నమస్కారం పెట్టారు. ఈ వట్టి కాళ్ల పొగడ్తలు చదువుతున్నప్పుడల్లా నాకు మా తాత గుర్తొస్తాడు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మనిషి, దొరల వీధిలోంచి పోయేటప్పుడు తన చెప్పులు తీసి చేత్తో పట్టుకుని పోయేవాడు. ఆ వట్టి కాళ్లు కథలు కాలేదు. అది ఊరి కట్టుబాటు. భద్రలోక యువకుడికి వట్టి కాళ్లు ఒక ఎంపిక, మా తాతకు ఒక శిక్ష.

సరిగ్గా అదే 1911 ఎండాకాలంలో ఇంకో మనిషి ఇంగ్లండు మైదానాల్లో బంతి తిప్పుతున్నాడు. అది క్రికెట్టు బంతి, కానీ తోలుదే. పాల్వంకర్ బాలూ చమార్ కులస్తుడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో మైదానం పని చేస్తూ, వాళ్లకు బంతులు వేస్తూ బౌలరయ్యాడు. తెల్లవాళ్లను ఓడించాలంటే అతను కావాలి కాబట్టి పూనా హిందువులు జట్టులోకి పిలిచారు. టీ మాత్రం బయట విడిగా మట్టి ముంతలో ఇచ్చారు. అతను తాకిన బంతిని తాకారు, అతను తాగిన కప్పును తాకలేదు. ఇంగ్లండులో ఆ ఒక్క పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఆయనకు ఏనాడూ రాలేదు. 1920లో పూనా బ్రాహ్మడు, సంస్కృత అధ్యాపకుడిగా కూడా పేరు పొందిన డి.బి. దేవధర్‌ను కెప్టెన్ చేసినప్పుడు బాలూ తమ్ముళ్లు విఠల్, శివరాం జట్టులోంచి బయటికొచ్చి నిరసన చెప్పారు. 1923లో విఠల్ కెప్టెనయ్యాడు. ఇది కాలేజీ కథ కాదు, ఫుట్‌బాల్ కథా కాదు. అయినా ఎందుకు చెప్పానంటే, ఆటలో నైపుణ్యం ఒక్కటే చూస్తాం అన్న మాట ఎంత అబద్ధమో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ తర్వాత బాలూ కాంగ్రెసు తరఫున 1937 ఎన్నికల్లో అంబేడ్కర్ మీదే పోటీ చేసి ఓడిపోయాడు. అది మనం విడిగా మాట్లాడుకోవాల్సిన విషయం.

బంతి ఆడినవాళ్ల సంగతి ఇది. బంతి చేసినవాళ్ల సంగతికి వస్తే పంజాబ్ పోవాలి. అక్కడ హోషియార్‌పూర్ జిల్లా ముగోవాల్‌లో హర్నాం దాస్ అనే చమార్ తోలు వ్యాపారం చేసేవాడు. తోలు కోసం వచ్చే ఆర్డర్లు ఇంగ్లీషులో ఉండేవి. చదివి పెట్టమని పై కులాలవాళ్ల దగ్గరకు పోతే, గంటసేపు చదివినందుకు రోజంతా వెట్టి చేయించుకునేవారు. అందుకే కొడుకు మంగూరాంను (పుట్టింది 1886లో) బడికి పంపాడు. హైస్కూల్లో మంగూరాం బయట కూర్చుని తలుపులోంచి పాఠం వినేవాడు. ఒకరోజు వడగళ్ల వాన పడితే లోపలికి వచ్చాడు. బ్రాహ్మణ పంతులు కొట్టాడు. కొట్టి ఊరుకోక, మైలపడ్డాయని కుర్చీలు బల్లలు అన్నీ బయట వానలో పెట్టించాడు. శ్రీనగర్ కాలవలో ఆ కుర్రాడి ముఖం కడిగిన నీళ్లు, ఇక్కడ కుర్చీల మీద పడ్డ నీళ్లు ఒకటే నీళ్లు. ఆ మంగూరాం అమెరికా పోయి, గదర్ పార్టీలో పనిచేసి, తిరిగొచ్చి 1926లో ఆది ధర్మ ఉద్యమం నడిపాడు. 1931 జనాభా లెక్కల్లో ఆది ధర్మ ఒక విడి మతంగా నమోదైంది.

బ్రిటిష్ సైన్యానికి బంతులు కుట్టి ఇచ్చిన ఊరు సియాల్‌కోట్. 1947 దేశ విభజనలో అక్కడి హిందూ వ్యాపారులు జలంధర్, మీరట్ చేరి క్రీడా సామగ్రి పరిశ్రమ పెట్టారు. పెట్టుబడి వాళ్లది, కుట్టుపని ఎక్కువగా దళితుల ఇళ్లలో జరిగింది. ఆడవాళ్లు, పిల్లలు గడపలో కూర్చుని కుట్టేవాళ్లు. మామూలు బంతికి 32 ముక్కలుంటాయి, ఆరు మూలలవి 20, అయిదు మూలలవి 12. రెండు సూదులు, మైనం పట్టిన దారం, మోకాళ్ల మధ్య చెక్క పట్టు. చివరి కుట్టు లోపలికి దాచాలి, అదే కష్టం. కూలి బంతికి ఇంత అని. 1990లలో పిల్లల చేత కుట్టిస్తున్నారని విదేశాల్లో గొడవయ్యాక సియాల్‌కోట్ మీద 1997లో అట్లాంటా ఒప్పందం జరిగింది, జలంధర్ వ్యాపారులూ కదలాల్సొచ్చింది. అంటే కాలేజీలో ఒక కుర్రాడు ఆడుతున్న బంతిని, బడికి పోవాల్సిన ఇంకో పిల్లవాడు కుట్టాడన్నమాట. చదువులో ఫుట్‌బాల్ స్థానం గురించి విద్యావేత్తలు రాసే వ్యాసాల్లో ఈ పిల్లవాడికి చోటుండదు.

ఇప్పటి బంతుల్లో తోలు లేదు. 1986 ప్రపంచ కప్పు నుంచి పెద్ద పోటీల్లో సింథటిక్ బంతులే. బంతికి మైల పోయింది. కుట్టే చేతికి పోయిందా?

నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఒకటే ఫుట్‌బాల్ ఉండేది. ఒకసారి దాని కుట్లు ఊడిపోయాయి. పి.ఇ.టి. సారు అందర్నీ వదిలేసి నన్ను పిలిచి, "ఒరేయ్, ఇది మీ ఇంటికి పట్టుకపో, మీ నాయినతో కుట్టించుకరా, మీకు అలవాటేగా" అన్నాడు. తిట్టినట్టు అనలేదు, మామూలుగానే అన్నాడు. మా నాయిన చెప్పులు కుడతాడని ఆయనకు ఎట్లా తెలిసిందో నాకిప్పటికీ అర్థం కాదు, నేను ఎవరికీ చెప్పలేదు. అప్లికేషన్‌లో కులం రాస్తాం కదా, అది చాలు. మా నాయిన బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు సూదుల కుట్టు బిడ్డా, ఇది ఎవరో పని తెలిసినోడు కుట్టిండు" అన్నాడు. ఆరె తీసుకుని రాత్రి దీపం ముందు కూర్చుని కుట్టాడు. పైసలు అడగలేదు, నేనూ సారును అడగలేదు. మర్నాడు ఆ బంతితో ఆట జరిగింది. జట్టులో నేను లేను. నాకు ఆట రాక కాదు, బూట్లు లేక.

బూట్ల మాట వచ్చింది కాబట్టి హైదరాబాదు సంగతి చెప్పాలి. ఇక్కడి ఫుట్‌బాల్ కలకత్తా భద్రలోక క్లబ్బుల్లోంచి వచ్చింది కాదు. కంటోన్మెంటు, పోలీసు జట్లు, పేద ముస్లిం బస్తీలు దాన్ని పెంచాయి. దేశం మొత్తం రహీం సాబ్ అని పిలిచిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) ఉస్మానియాలో చదివిన బడి పంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఆయన శిక్షణలోనే వచ్చాయి. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు, 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు. కుర్రాడిగా బూట్లు కొనలేక, పోలీసులు పారేసిన పాత బూట్లతో లాల్‌బజార్‌లో ఒక మోచీ చేత ఆట బూట్లు చేయించుకున్నాడు. ఒలింపిక్స్ దాకా పోయిన ఆ పరుగు మోచీ దుకాణం దగ్గర మొదలైంది. మన క్రీడా చరిత్రలో తోలు పనివాడు ఆటగాడికి ఇంత దగ్గరగా వచ్చి నిలబడిన సందర్భాలు అరుదు. అది కాలేజీలో జరగలేదు, బజార్లో జరిగింది.

ఈ పత్రిక చదివే విద్యార్థులను, అధ్యాపకులను ఒకటి అడగాలనుంది. మీ కాలేజీ పాతదైతే ఆఫీసు గోడల మీద జట్ల ఫొటోలుంటాయి. వార్షిక సంచికలుంటాయి. పేర్లు రాసుకోండి, ఏడాదులు రాసుకోండి, ఇంటిపేర్లు చూడండి, ఏ సంవత్సరంలో మొదటిసారి మన పేరు కనపడుతుందో వెతకండి. హాస్టళ్లు వచ్చాకనా, రిజర్వేషన్లు వచ్చాకనా, ఆ తర్వాత ఎన్నేళ్లకు? ఎవరో వచ్చి ఈ లెక్క తీస్తారని కూర్చుంటే తీయరు.

మా కాలేజీలో ఒక ఫొటో నేను చూశాను. పదకొండు మంది కుర్రాళ్లు రెండు వరసల్లో, మధ్యలో ప్రిన్సిపాలు, ఆయన కాళ్ల దగ్గర బంతి, బంతి మీద సుద్దతో రాసిన సంవత్సరం. కింద అందరి పేర్లూ, ఇంటిపేర్లతో సహా, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఫొటో కుడి అంచున, వరసకు కొంచెం ఎడంగా, గాలి పంపు పట్టుకుని ఒక పెద్దమనిషి చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. ఆయన కింద అటెండర్ అని రాశారు.